బండ్లెత్తే మనిషి బండి

మీకిప్పుడు కారు లోన్ కావాలంటే ఫోన్ మీద వేలితో నాలుగు రుద్దులు రుద్దితే చాలట. ఆ రుద్దుడు రాకముందు ఆ పనంతా ఒక మనిషి చేసేవాడు. షోరూములో ఏసీ గాలి తగలని ఒక మూల, ఒక బల్ల, రెండు కుర్చీలు, బల్ల మీద 'ఫైనాన్స్' అని ఒక పలక. ఆ పలక వెనక పొట్టను బల్లకు ఆనించి కూర్చున్నది నేనే. కె.ఆర్.పురం దగ్గర పాత మద్రాసు రోడ్డు మీది ఒక కార్ల షోరూములో, రిటైరయ్యేదాకా అదే మూలలో కూర్చున్నాను. కుర్చీలు మారాయి గానీ నేను మారలేదు.

నా పని వినడానికి సులువు. కారు కొనడానికి వచ్చినవాడి దగ్గర డబ్బు చాలదు. బ్యాంకు దగ్గర ఉంటుంది, కానీ ఇతన్ని చూసి ఇవ్వదు. ఇతన్ని బ్యాంకుకు నచ్చేలా తయారుచేసి పంపాలి, పెళ్లిచూపులకు పిల్లవాణ్ణి తయారుచేసినట్టు. ఆ తయారీలో నాకు కొంచెం పేరుండేది. నన్నడిగితే చాలానే ఉండేదని చెప్పేవాణ్ణి. మడివాళ మార్కెట్లో కొత్తిమీర కట్టలు అమ్మే ఆయన్ని 'వ్యవసాయ ఉత్పత్తుల సరఫరాదారు' చేశాను. టీకొట్టాయన నా చేతిలో 'ఆతిథ్య రంగం' అయ్యాడు. పీజీ హాస్టళ్లకు నీళ్ల క్యాన్లు వేసే మనిషిని 'జలవనరుల నిర్వహణ' అని రాసి పంపితే బ్యాంకువాళ్లు కిక్కురుమనకుండా లోన్ ఇచ్చారు. వాళ్లంతా వాయిదాలు సక్రమంగా కట్టుకున్నారు కూడా, అది వాళ్ల మంచితనం. షోరూములో అందరూ నన్ను 'కవి' అని పిలిచేవాళ్లు. ఎగతాళికే పిలిచేవాళ్లు. నేను బిరుదనుకుని మురిసిపోయాను.

ఆ కవి గుడ్లు తేలేసిన సంగతి మీకు చెప్తాను.

ఆయుధపూజకు ముందు మా షోరూము పెళ్లివారిల్లులా ఉండేది. అందరికీ ఆ రోజే బండి కావాలి, అందరికీ అదే మంచి గడియలో కావాలి. ఆ తొక్కిసలాటలో ఒకాయన నా బల్ల ముందు కూర్చున్నాడు. చందాపుర నుంచి వచ్చాడు. ఎత్తైన మనిషి, బుర్ర మీసాలు, చొక్కా గుండీలు పైదాకా పెట్టుకున్నాడు. పక్కన ఆయన భార్య, ఒళ్లో చేతిసంచి. డౌన్‌పేమెంట్ డబ్బు సిద్ధంగా ఉంది, మిగతాదానికి లోన్ కావాలి.

"ఏం చేస్తుంటారప్పా?" అన్నాను.

"సీజింగ్ సార్. లోన్ కట్టనోళ్ల బండ్లు ఎత్తుకొచ్చేది," అన్నాడు, ఏ మాత్రం దాచకుండా.

మీకు తెలియకపోవచ్చు. బ్యాంకులు లోన్ ఇవ్వడానికి భయపడే వృత్తులు కొన్ని ఉంటాయి. లాయర్లు, పోలీసులు, పత్రికలవాళ్లు. వీళ్ల దగ్గర బాకీ వసూలు చేయడం కష్టమని బ్యాంకు భయం. ఆ వరసలోనే సీజింగ్ మనుషులూ ఉంటారు. ఎందుకంటే బండి ఎలా ఎత్తుతారో తెలిసినవాడికి ఎలా దాచాలో కూడా తెలుసు గదా! ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఆ క్షణంలో నేను అనాల్సింది "కుదరదప్పా" అని. కానీ నాకు చేతులు దురద పెట్టాయి. ఇంత కష్టమైన మనిషిని కూడా పాస్ చేయిస్తే నా పేరు ఏ స్థాయికి పోతుందో ఊహించుకున్నాను. పెన్ను తీసి, వృత్తి అన్న చోట 'వాహనాల తరలింపు సేవలు' అని రాసి, ఒకసారి దూరంగా పెట్టి చూసుకున్నాను. ఎంత బాగుందో!

ఆయన తల వంచి చదివాడు. "ఇదేంది సార్? ఉండేది ఉండేట్టు రాస్తే కాదా?"

"నువ్వు ఊరికే ఉండప్పా. ఇది నా పని."

ఆయన భార్య ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. "అమ్మా, మీరు అక్కడ సోఫాలో కూర్చోండి, కాఫీ వస్తుంది," అన్నాను. చాలా మర్యాదగానే అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, సంచి తీసుకుని సోఫాలోకి వెళ్లింది.

పండగకు బ్యాంకులు మూసేస్తారు, కానీ మంచి గడియ బ్యాంకు కోసం ఆగదు. అందుకని మా దగ్గర ఒక అలవాటు ఉండేది, మాట మీద డెలివరీ. బ్యాంకు తరఫున మా షోరూములోనే ఒక ఉద్యోగి కూర్చునేవాడు, జుట్టుకు నిగనిగలాడే జెల్లు పూసుకుని. అతను "ఆయ్తు సార్, లోన్ వచ్చేసినట్టే, పండగైనాక డబ్బు పడతాది, బండి వదిలేయండి" అంటే నేను గేట్‌పాస్ మీద సంతకం పెట్టేవాణ్ణి. సంతకం పెట్టినవాడిదే పూచీ. ఇన్నేళ్లలో ఎప్పుడూ తేడా రాలేదు.

పండగ రోజు బళ్లన్నీ వరసగా నిలబెట్టాం. ఒకపక్క బూడిదగుమ్మడికాయలు పగులుతున్నాయి, ఇంకోపక్క చక్రాల కింద నిమ్మకాయలు చిట్లుతున్నాయి, పూజారికి గొంతు పోయింది. మా షోరూములో అట్టతో చేసిన పెద్ద తాళంచెవి ఒకటి ఉండేది, మనిషి చేతంత పొడవు, ఫొటోల కోసం. దాన్ని చందాపుర ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని గదలా భుజాన పెట్టుకుని మీసం కింద నవ్వాడు. కొబ్బరికాయ, హారతి ఉన్న తట్ట ఆయన భార్య చేతికిచ్చి, "అమ్మా, కొంచెం పక్కకు జరగండి, బండి ముఖం కనబడటం లేదు" అన్నది కూడా నేనే. ఆమె జరిగింది. ఇంకా జరగమన్నాను. ఫొటోలో చివరికి ఆమె మోచెయ్యి, తట్ట మాత్రం పడ్డాయి.

పండగలు అయ్యాక బ్యాంకు తలుపులు తెరిచిన రోజు ఫోన్ వచ్చింది. లోన్ తిరస్కరించారు. జరిగిందేమిటంటే, బ్యాంకు తరఫు విచారణ మనిషి చందాపుర వెళ్లి, ఆయన ఇంటి మూలమీది చిల్లర కొట్టులో అడిగాడు. ఆ కొట్టు అవ్వ కొడుకు ఆటోను వాయిదాలు కట్టలేదని ఎత్తుకెళ్లింది ఈయనే! అవ్వ ఇలాంటి అవకాశం కోసమే కాచుకుని ఉంది. "తరలింపు సేవలా? ఏం సేవలప్పా, ఊరోళ్ల బండ్లు ఎత్తుకపోయేవాడు వాడు" అని అరటిపండిచ్చి మరీ చెప్పిందట. నా కవిత్వం అంతా ఒక్క మాటలో కొట్టుకుపోయింది.

జెల్లు జుట్టు ఉద్యోగి ఫోన్ స్విచ్ఛాఫ్. మా ఓనరు నన్ను తన గదిలోకి పిలిచాడు. ఆయన కూడా మన తెలుగాయనే, కోపం వస్తే గొంతు తగ్గిస్తాడు. చాలా తగ్గించాడు.

"ఏమప్పా కవీ, గేట్‌పాస్ మీద సంతకం ఎవరిది?"

"నాదే సార్."

"సాయంత్రంలోపల షోరూములోకి బండి రావాల. లేదంటే బండి ఖరీదు నీ లెక్కలో పట్టుకొని నిన్ను ఇంటికి పంపిస్తాను. ఈ పొద్దే పంపిస్తాను."

రిటైర్మెంటు కళ్లెదుట ఉన్న వయసులో ఆ మాట వినడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. అప్పుడు అర్థమైంది నాకు, నేను చేయాల్సిన పని ఏమిటో. జీవితంలో పిల్లి పిల్లను కూడా పట్టుకుని ఎరగని నేను, బండ్లు ఎత్తడమే బతుకైన మనిషి దగ్గరికి పోయి, ఆయన బండి ఎత్తుకురావాలి.

బస్సులో దారంతా మాటలు దిద్దుకున్నాను. 'సాంకేతిక కారణాల వల్ల', 'తాత్కాలికంగా', 'సహకరించగలరు'. సిల్క్‌బోర్డు దగ్గర బస్సు కదలక నిలబడిపోతే, అది అక్కడే ఉండిపోతే బాగుండునని కూడా అనుకున్నాను. అది కదిలింది, నా ఖర్మకొద్దీ.

చందాపురలో ఆయన వీధి సందు. సందు పొడవునా ఉన్న ఇళ్ల మధ్య మా బండి కొత్త పెళ్లికూతురిలా నిలబడి ఉంది. బానెట్ మీద పసుపు ఆరలేదు, సీట్ల ప్లాస్టిక్ కవర్లు తీయలేదు, చామంతి దండ వాడిపోయినా ఎవరూ తీయలేదు. ఆయన గుమ్మంలోనుంచి నన్ను చూసి చేతులు చాపుకుంటూ వచ్చాడు.

"రా సార్, రా! మా ఇంటికి వస్తివే! అన్నం తిని పోదువులే."

నేను నవ్వాను. ఆయన నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"బండి ఎత్తేదానికి వచ్చినావు కదా సార్?"

"అదేం లేదప్పా, సుమ్నే, ఊరికే ఇటు వచ్చి..."

"నువ్వు నా ముఖం చూసేకి ముందు టైర్లు చూస్తివి. బండి నిలబెట్టిన తీరు చూస్తివి, సందు వెడల్పు చూస్తివి. చుట్టమై వచ్చినోడు మనిషిని చూస్తాడు సార్. టైర్లు చూసేది మా పనోళ్లే."

నేను అరుగు మీద కూలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నేను రాసిన ఆ అందమైన మాట, అవ్వ చెప్పిన మాట, ఓనరు చెప్పిన మాట, నా ఉద్యోగం. ఆయన కోపం చేస్తాడనుకున్నాను. కోపం చేయలేదు, చుట్టూ ఇళ్ల వైపు చూశాడు. కొట్టు దగ్గర అవ్వ పప్పు కొలవడం ఆపేసి ఇటే చూస్తోంది. ఎదురింటి కిటికీలో రెండు తలలు.

"ఈ వీధిలోనే నేను బండ్లు ఎత్తినా సార్. వీళ్లంతా చూసినారు. ఈ పొద్దు నా బండే ఎత్తుకపోతే వీళ్లు టపాసులు కాలుస్తారు. మళ్లీ నేను ఈ సందులో తలెత్తుకొని నడిచేదెట్ల?" బండి వైపు తిరిగాడు. "నీకు తెలుసా సార్, నేను తోలినన్ని బండ్లు ఈ బెంగళూరులో ఎవడూ తోలుండడు. ఒక్కటీ నాది కాదు. నేను స్టీరింగ్ పట్టుకున్న ప్రతి బండి వెనకా ఎవరో ఒకరు ఏడ్చినారు. ఆడోళ్లు, ముసలోళ్లు, ఒక్కోసారి మగోళ్లే. ఎవరూ ఏడవని బండి ఒక్కటి తోలాలని ఉండె నాకు. అంతే."

అంతటి మనిషి ముందు నా 'తాత్కాలికంగా'లు, 'సహకరించగలరు'లు ఎందుకు పనికొస్తాయి?

ఇంతలో ఆయన భార్య లోపలినుంచి చంకన సంచి, చేతిలో మజ్జిగ గ్లాసుతో వచ్చింది. అంతా విన్నట్టుంది. గ్లాసు నా చేతికిచ్చి, చెప్పులేసుకుని, నేరుగా పోయి బండి వెనక తలుపు తీసి, సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

"అయిపాయ," అన్నాడాయన. "ఆడమనిషి కూర్చున్న బండి నేను ఎత్తను సార్. సర్వీసులో ఒక్కసారి కూడా ఎత్తలా. అది నా రూలు. ఆమెకు తెలుసు."

"మరిప్పుడు?"

"ఇప్పుడు ఎవరికీ ఏమీ లేదు. మజ్జిగ తాగు."

ఓనరు ఫోన్ మోగింది. తీయలేదు. మళ్లీ మోగింది. వేరే దారి లేక నేను కూడా పోయి, ముందు తలుపు తీసి, ఆమెను బతిమాలుకుందామని బండిలో కూర్చున్నాను. కొత్త బండి వాసన, వాడిన చామంతుల వాసన.

"అమ్మా, ఆయన పేరు మీద బ్యాంకు ఇవ్వదు. నన్నేం చేయమంటారు?"

"ఆయన పేరు మీద ఇయ్యరు. సరే. నా పేరు మీద?"

నేను వెనక్కి తిరిగాను. నిజం చెప్తున్నాను, ఇంత వయసొచ్చి, ఇన్ని లోన్లు చేయించి, ఆ ప్రశ్న వినగానే నాకు తట్టింది ఆ షోరూము సోఫా.

"మీరేం చేస్తుంటారమ్మా?"

"ఇప్పుడు అడుగుతుండారా సార్? ఆ పొద్దు చెప్పబోతే కాఫీ తాగమంటిరి. నేను బొమ్మసంద్రలో గార్మెంట్స్‌లో లైన్ సూపర్‌వైజర్‌ని. మా ఆయనకు మీసాలొచ్చిన కాలం నుంచి పనిచేస్తుండాను. పీఎఫ్ ఉండాది, జీతం బ్యాంకులో పడతాది. ఏ బ్యాంకనుకొంటిరి? మీ లోన్ కాదన్న బ్యాంకే."

ఆమె సంచిలోంచి ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

"ఇదొకటి రోజూ వస్తా ఉంటాది సార్. మోసమేమో అని తుడిచేస్తా ఉంటాను. చూడండి, మోసమేనా?"

చూశాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. అదే బ్యాంకు పంపిన మెసేజ్. మీకు కారు లోన్ సిద్ధంగా ఉంది, వెంటనే తీసుకోండి. కింద మొత్తం కూడా ఉంది, మాకు కావాల్సినదానికి కొంచెమే తక్కువ. రోజూ పంపుతున్నారు! ఒకపక్క మొగుణ్ణి కాదన్న బ్యాంకు, ఇంకోపక్క పెళ్లాం వెంట పడి బతిమాలుతోంది. మధ్యలో నేను, బ్యాంకుకూ మనుషులకూ మధ్య ఉండే పెద్దమనిషిని, ఆమెను పక్కకు జరగమని ఫొటో తీయించాను. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. బండిలో ఉన్నాం కాబట్టి మానుకున్నాను.

బ్యాంకుకు ఫోన్ చేస్తే, అవును, నిజమే, ఈ పొద్దే రండి అన్నారు. తక్కువ పడ్డది డౌన్‌పేమెంటులో కలుపుతానన్నాడాయన. ఓనరుకు ఫోన్ చేస్తే, "పాత బిల్లు రద్దు చేసి ఆమె పేరు మీద కొత్తది వేయాల. దానికి బండి షోరూముకు రావాల. ఇన్సూరెన్స్ మార్చే ఖర్చు నీది," అన్నాడు. నాదే అన్నాను. ప్రాణం పోయేచోట ఇన్సూరెన్స్ ఎంత!

కానీ బండి సందులోంచి కదలాలి. కదిలేటప్పుడు సందంతా చూస్తుంది. ఆయన తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. అవ్వ కొట్టు దిగి రానే వచ్చింది.

"ఏమప్పా, బ్యాంకు మనిషి వచ్చినాడే. బండి ఎత్తుకపోతుండారా?" ఆ గొంతులో సంతోషం దాచుకోవడం ఆమెకు చేతకాలేదు.

మొగుడూ పెళ్లాం ఇద్దరూ నా వైపు చూశారు. నేను కవిని గదా, ఏదో ఒకటి అల్లుతాననుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. 'ఉచిత తనిఖీ శిబిరం' అన్నదాకా నోట్లోకి వచ్చింది కూడా. ఎందుకో మింగేశాను.

"లేదవ్వా. బండి ఈయమ్మ పేరు మీద రాయాల్సింది, నేను తప్పు రాశాను. సరిదిద్దేదానికి తీసుకుపోతున్నాం. తప్పు నాదే."

అవ్వ నన్ను పైకీ కిందికీ చూసింది. నా ముఖంలో అబద్ధం వెతికింది, దొరకలేదు. "ఓహో, ఆమెదా బండి!" అంది, అదో రకంగా. "ఆమెదైతే సరేలే. మంచి మనిషి, నా దగ్గర ఎప్పుడూ అప్పు పెట్టలా." మళ్లీ పప్పు కొలుచుకోవడానికి వెళ్లిపోయింది. నా ఉద్యోగంలో ఉన్నది ఉన్నట్టు చెప్పి ఒక మనిషిని పాస్ చేయించింది అదే మొదటిసారి.

షోరూముకు ఆయనే తోలాడు. నేను ముందు, ఆమె వెనక. హోసూరు రోడ్డు మీద అందరూ హారన్లు కొట్టి తిట్టుకుంటూ దాటిపోయేంత నెమ్మదిగా తోలాడు. "బండి ఓనరు కూర్చోనుండగా ఎత్తుకొస్తున్న బండి ఇదొకటే సార్ నా సర్వీసులో" అన్నాడు దారిలో. ఆమె వెనకనుంచి పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వడానికి ఇంకా ధైర్యం రాలేదు, గేట్‌పాస్ గుర్తొచ్చి.

బ్యాంకు కాగితాల మీద వృత్తి అన్న చోట పెన్ను పెట్టి ఆగాను. ఆమె ముందుకు వంగింది. "సూపర్‌వైజర్ అని రాయండి సార్. దానికేమీ చేర్చొద్దు." చేర్చలేదు. ఆ సంవత్సరం దీపావళి బోనస్ రాలేదు, ఇన్సూరెన్సులో పోయింది. ఉద్యోగం ఉంది. జెల్లు జుట్టు ఉద్యోగి మరుసటి వారం వచ్చి, "సార్, ఫోన్ నీళ్లలో పడిపోయింది" అన్నాడు. నమ్మినట్టు నటించాను, నేను మాత్రం ఏం పెద్ద సత్యసంధుణ్ణని!

బండి వెనక్కి తెచ్చిన సాయంత్రమే మళ్లీ డెలివరీ. పండగ అయిపోయి షోరూము ఖాళీగా ఉంది. పూజారి లేడు, గుమ్మడికాయ లేదు, మా వాచ్‌మన్ ఎక్కడినుంచో ఒక నిమ్మకాయ తెచ్చాడు. అట్ట తాళంచెవి తీసుకొచ్చి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక చంటిబిడ్డలా రెండు చేతులతో ఎత్తుకుంది. కొబ్బరికాయ తట్ట నేనే పట్టుకున్నాను. ఫొటోగ్రాఫర్ నన్ను పక్కకు జరగమన్నాడు. జరిగాను. ఇంకా జరగమన్నాడు. ఆ ఫొటోలో నా పొట్ట మాత్రం పడింది.

హారతి ఇచ్చాక ఆమె ముందు సీట్లో కూర్చుంది. ఆయన స్టీరింగ్ ముందు కూర్చున్నాడు గానీ బండి కదలలేదు. ఏమైందోనని కిటికీ దగ్గరికి వెళ్లి వంగి చూశాను. అంత పెద్ద మనిషి స్టీరింగ్ మీద నుదురు ఆనించి, భుజాలు కదిలిపోతూ ఏడుస్తున్నాడు. నాకూ కళ్లు చెమర్చాయి, తట్ట చేతిలో ఉండి తుడుచుకోవడానికి లేకపోయింది.

ఆమె కాసేపు చూసి, కొంగుతో ఆయన ముఖం తుడిచింది.

"ఎవరూ ఏడవని బండి కావాలంటివే. నువ్వే బోణీ చేస్తివి కదయ్యా! ఇంక తోలు."